చెరువులో ఆడ చేపా ఉంది, మగ చేపా ఉంది. మరి పిల్లలేవి?

పటమట నాన్న | ఆదివారం, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. వంటల విభాగంలో పెట్టాలో ఇక్కడ పెట్టాలో తేల్చుకోలేక ఇక్కడే పెడుతున్నాను.

ఇవాళ చుట్టాలొస్తున్నారని మూడు కేజీల శీలావతి తెచ్చాను. కోయించేటప్పుడు మా అమ్మాయి పక్కనే ఉంది. ఎనిమిదో తరగతి. పొట్ట చీల్చగానే రెండు పాయలు బయటపడ్డాయి. ఒక్కోటీ జానెడు పొడుగు, లోపలంతా రవ్వ పోసి మూట కట్టినట్టు గుడ్లు. కోసే అతను "జన పడింది సార్, అదృష్టం" అంటూ విడిగా కవర్లో కట్టాడు. మా పిల్ల అక్కడే మొదలుపెట్టింది. ఇది ఎక్కడి చేప నాన్నా? కైకలూరు వైపు చెరువు చేపమ్మా. అక్కడ మగ చేపలు కూడా ఉంటాయా? ఉంటాయి. మరి ఇన్నేసి గుడ్లు పెడితే చెరువంతా పిల్లలే ఉండాలిగా, రైతులు ప్రతి ఏడూ డబ్బులు పెట్టి పిల్లల్ని కొనడం ఎందుకు?

కోసే అతను కత్తి ఆపి మరీ నవ్వాడు. నేనూ నవ్వేసి ఊరుకున్నాను, నాకూ తెలీదు కాబట్టి. ఎవరైనా చెప్తారా? రేపు పొద్దున స్కూలు ఆటో వచ్చేలోపు అయితే మరీ మంచిది.

అమ్మమ్మ వంటిల్లు | రాత్రి 9:51

ముందు ఆ జన ఏం చేశారో చెప్పండి. పసుపు, ఉప్పు వేసి ఉడికించి ముక్కలు చేశాకే వేయించాలి. పచ్చిదే నూనెలో వేశారో, పేలి చెయ్యి కాలుతుంది. నాకు కాలింది.

గాలం బాబాయ్ | రాత్రి 10:03

దీనికి పెద్ద శాస్త్రం ఎందుకండీ. చెరువులో గుడ్లు పెడతాయి, పెద్ద చేపలు తినేస్తాయి. అంతే.

చెరువు గట్టు | రాత్రి 10:26

అంత కాదు బాబాయ్. తినడం దాకా రానే రాదు. అసలు పెట్టవు.

మాకు మండవల్లి దగ్గర తొమ్మిదెకరాల చెరువు ఉంది, నేను ఉండేది విజయవాడ భవానీపురంలో. పదకొండేళ్ళుగా చూస్తున్నాను. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు, ఈ మూడింటికీ చెరువులో జన పడుతుంది. వానలు మొదలయ్యేసరికి పొట్ట ఉబ్బుతుంది, చేత్తో పట్టుకుంటేనే తెలుస్తుంది. కానీ బయటికి వదలవు. సీజన్ దాటాక ఆ గుడ్లు లోపలే కరిగి ఒంటికి పట్టేస్తాయి. పట్టుబడి ఆలస్యమైన ఏడాది అదే చెరువు చేపని కోస్తే నీరసంగా వేలాడే ఖాళీ సంచి కనపడుతుంది. అంటే పాపకి చెప్పాల్సింది, ఆడా మగా ఉన్నా సరిపోదు, ఇంకోటి కావాలి. ఆ ఇంకోటి వరద.

బ్రాడీపేట లెక్చరర్ | రాత్రి 10:58

చెరువు గట్టు గారు చెప్పిందే నిజం. గుంటూరులో జువాలజీ చెప్పి రిటైరయ్యాను, కాబట్టి కొంచెం సాగదీస్తాను, ఓర్చుకోండి.

ఈ మూడూ పుట్టుకతో నది చేపలు. ఆషాఢ శ్రావణాల్లో నదికి కొత్త నీరు వచ్చి, గట్టు దాటి పల్లపు నేలల మీద మోకాలి లోతున పరుచుకున్నప్పుడు అక్కడికి ఈదుకుంటూ వెళ్ళి గుడ్లు పెడతాయి. ఎందుకంటే వాటి గుడ్డు నీళ్ళలో పూర్తిగా తేలదు, పూర్తిగా మునగదు. పారే నీరు ఉంటేనే అది కదులుతూ ఉంటుంది. నిలవ నీళ్ళలో అయితే అడుక్కి చేరి బురదలో ఊపిరాడక పోతుంది. పైగా వరద ముంచిన నేలలో నాలుగు రోజులకే కంటికి కనపడని పురుగు పుడుతుంది, పిల్లకి అదే మేత.

చేపకి ఇదంతా తెలిసి కాదు. కొత్త నీటి చలవ, మట్టం పెరగడం, ప్రవాహం ఒంటికి తగలడం, ఇవన్నీ మెదడుకి చేరితే, మెదడు కింద ఉండే పీయూష గ్రంథి హార్మోను వదులుతుంది. ఆ హార్మోను అందితేనే గుడ్డు చివరి దశ పక్వానికి వచ్చి విడుదలవుతుంది. చెరువులో మేత ఉంది, ఎండ ఉంది, కాబట్టి గుడ్డు తయారవుతుంది. కబురు మాత్రం రాదు.

ఇది నిజమేనా అన్న అనుమానం ఎవరికైనా ఉంటే బెంగాల్ 'బంద్'లు చూడండి. ఎత్తయిన నేల వాలున కట్టిన చెరువులు అవి. వాన కురిసి పైనుంచి నీరు ఉరుకుతూ దిగిందా, అవే చేపలు ఆ చెరువులోనే గుడ్లు పెట్టేస్తాయి.

పటమట నాన్న | రాత్రి 11:10

ఇంకా మేలుకునే ఉంది. "మరి రైతులకి పిల్లల్ని అమ్మేవాళ్ళు వరద ఎక్కణ్ణుంచి తెస్తారు" అని అడుగుతోంది. నేను లైటు ఆర్పేస్తున్నాను. మీరు మాత్రం చెప్పండి.

బ్రాడీపేట లెక్చరర్ | రాత్రి 11:24

మంచి ప్రశ్న. వరదని తేలేక, కబురునే తెచ్చారు. ఒకప్పుడు పిల్లల కోసం నది మీదే ఆధారం. వరదల్లో వలలు కట్టి పట్టేవారు, అందులో పనికిరాని చేపల పిల్లలూ కలిసి వచ్చేవి. 1957 జులై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌదరి, అలికున్హి గార్లు వేరే చేపల తలల్లోంచి తీసిన పీయూష గ్రంథిని నూరి, ఆ రసాన్ని తల్లి చేపలకి ఇంజెక్షన్ చేసి గుడ్లు పెట్టించారు. జులై 10ని ఇప్పుడు జాతీయ మత్స్య రైతుల దినోత్సవంగా జరుపుతున్నది అందుకే. మన కొల్లేరు చుట్టూ ఉన్న చెరువులన్నీ ఆ సూది చలవే అంటే తప్పు లేదు. తలలు పోగుచేసి గ్రంథులు తీసే బాధ ఇప్పుడు లేదు, సీసాలో మందు వస్తోంది. పని అదే.

రాత్రి డ్యూటీ | సోమవారం, ఉదయం 6:15

నేను ఆరేళ్ళు హేచరీలో, అంటే చేప పిల్లల్ని పుట్టించి అమ్మే చోట చేశాను. ఇప్పుడు గుణదలలో ఆటో స్పేర్‌పార్ట్స్ షాపు. ఈ థ్రెడ్ చూసి రాత్రి నిద్ర పట్టలేదు. పేరు చూశారుగా, అలవాటు పోలేదు.

మధ్యాహ్నమే వల లాగి తల్లి చేపల్ని ఏరతాం. ఆడదైతే పొట్ట మెత్తగా దూదిలా ఉండాలి, గుడ్లు వచ్చే ద్వారం దగ్గర ఎర్రగా ఉబ్బాలి. మగదాన్ని కళ్ళు మూసుకుని కూడా చెప్పచ్చు. చెంప పక్క రెక్క లోపలి వైపు వేలితో రాస్తే గరుకుకాగితంలా ఉంటుంది, ఆడదానికి నున్నగా ఉంటుంది. మగదాని పొట్ట మెల్లగా నొక్కితే పాలు వస్తాయి. పాలంటే వీర్యమే, చూడ్డానికి అచ్చం పాలలా తెల్లగా, చిక్కగా ఉంటుంది. నీళ్ళు నీళ్ళుగా వచ్చిందా, దాన్ని వదిలేయడమే.

సాయంత్రం చల్లబడ్డాక ఇంజెక్షన్. తడి తువ్వాలు కళ్ళ మీద కప్పితే ఎంత పెద్ద చేపైనా ఊరుకుంటుంది. ఒకడు పట్టుకుంటే ఒకడు వీపు రెక్క కింద కండలోకి పొడవాలి. ఆడదానికి ఎక్కువ మందు, మగదానికి అందులో సగం. తరవాత గుండ్రటి సిమెంటు తొట్టెలో వదులుతాం. తొట్టె గోడల్లో పైపులు ఏటవాలుగా ఉంటాయి, నీరు గిర్రున తిరుగుతుంది. పైన షవర్లు. అంటే వరదా మేమే, వానా మేమే.

అర్ధరాత్రి దాకా ఏమీ ఉండదు. టీ తాగుతూ కూర్చోవడమే. మూడూ నాలుగూ మధ్య ఒక్కసారిగా మొదలవుతుంది. మగది వెనకే తరుముతూ ముట్టెతో పొట్టలో పొడుస్తుంది, రెండూ ఒంటికి ఒళ్ళు రాసుకుంటూ మెలి తిరుగుతాయి, తోకలు నీళ్ళని దబదబా బాదుతాయి. షర్టు తడిసిపోయేది మాకు. ఆడది గుడ్లు వదిలిన క్షణంలోనే మగది పాలు వదలాలి. నీళ్ళలో పడ్డాక ఆ వీర్యకణానికి ఉన్న ఆయుష్షు నిమిషం లోపే. పుస్తకంలో బాహ్య ఫలదీకరణం అని చదువుతారు చూడండి, అది తొట్టె దగ్గర చూస్తే పరుగు పందెంలా ఉంటుంది.

గుడ్డు నీళ్ళు పీల్చి ఉబ్బుతుంది. మీ ఇంట్లో సగ్గుబియ్యం నానబెడితే ఎలా అవుతుందో అచ్చం అలా. చేత్తో తీసి టార్చి వేసి చూడాలి. గాజు పూసలా ఉండి మధ్యలో చుక్క కనపడితే కలిసినట్టు. తెల్లగా మబ్బేసిందా, అది పోయినట్టు.

ఆ గుడ్లు పొదిగే తొట్టెకి పోతాయి, అక్కడా నీరు తిరుగుతూనే ఉండాలి. మధ్యాహ్నానికి గుడ్డు లోపల కామాలా వంగిన పిల్ల కనిపిస్తుంది, తోక టిక్కు టిక్కుమని కొట్టుకుంటూ ఉంటుంది. పెట్టిన 14 నుంచి 18 గంటల్లో పొర చీల్చుకుని బయటికి వస్తుంది. నీళ్ళు చల్లగా ఉంటే ఇంకొంచెం ఆలస్యం.

పుట్టగానే అది చేపలా ఉండదు. వెంట్రుక ముక్కకి చిన్న పసుప్పచ్చ సంచి కట్టినట్టు ఉంటుంది. నోరు ఉండదు! మూడు రోజులు ఆ సంచిలో ఉన్న సొనే తిండి. సంచి తరుగుతూ ఉంటే నోరు తెరుచుకుంటుంది, కళ్ళు నల్లగా తేలతాయి. మూడో రోజు దాటాక అప్పుడు అమ్మకం. లెక్కపెట్టడం ఎలా అంటారా, చిన్న జల్లెడ కప్పుతో కొలుస్తాం. ఒక కప్పు లెక్కపెట్టుకుంటాం, తరవాత అన్నీ కప్పులే.

గాలం బాబాయ్ | ఉదయం 7:02

ఒప్పుకుంటున్నా. తినేస్తాయి అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా.

పటమట నాన్న | ఉదయం 8:20

రాత్రి డ్యూటీ గారూ, ఆటో వచ్చేలోపు మీది మొత్తం చదివి వినిపించాను. "నోరు లేకుండా పుడుతుందా" అని నోరు తెరిచింది. ఒక చేపకి ఎన్ని గుడ్లు ఉంటాయి? లెక్క కావాలట.

బ్రాడీపేట లెక్చరర్ | ఉదయం 10:40

జాతిని బట్టి, ఒంటి బరువులో కేజీకి సుమారు లక్ష నుంచి మూడు లక్షలు. మీ మూడు కేజీల శీలావతిలో లక్షల్లోనే ఉండి ఉంటాయి. నదిలో అయితే అందులో పెద్దయ్యేవి వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని. అన్ని పెట్టేది అందుకే.

పచ్చిమిర్చి | ఉదయం 11:05

అందుకే నేను జన ఉన్న చేప కొనను. లక్షల ప్రాణాలు ఒక్క మూకుడులో. మా నాయనమ్మ అయితే ఈ నెలల్లో చేపే ముట్టేది కాదు.

అమ్మమ్మ వంటిల్లు | ఉదయం 11:09

మా ఇంట్లో జన కోసమే చేప కొంటారు. పంపకాల దగ్గర గొడవలు కూడా అయ్యాయి.

చెరువు గట్టు | ఉదయం 11:48

పచ్చిమిర్చి గారూ, మీ బాధ అర్థమైంది కానీ పైన చెప్పింది మళ్ళీ చూడండి. చెరువు చేప జన మీరు తిన్నా తినకపోయినా అందులోంచి ఒక్క పిల్ల కూడా రాదు. లోపలే కరిగిపోతుంది. నది చేప సంగతి వేరు. వరదకి ఎదురీదుతున్న చేపని అడ్డంగా పట్టేస్తే అది నిజంగా నష్టమే, మీ నాయనమ్మ గారి రోజుల్లో తిన్నది నది చేపా, కాలువ చేపే కదా. ఆ నియమం అప్పటికి సరిగ్గా సరిపోయింది. సముద్రంలో కూడా మన తీరాన ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట ఆపేది అవి గుడ్లు పెట్టుకోనివ్వడానికే.

పచ్చిమిర్చి | మధ్యాహ్నం 12:15

సరే, చెరువు చేపకి మినహాయింపు ఇస్తున్నా. నది చేపకి లేదు.

కృష్ణలంక కుర్రోడు | మధ్యాహ్నం 1:30

పులస మాట ఎవరూ ఎత్తలేదేంటి? అది కూడా గుడ్ల కోసమే కదా వచ్చేది?

బ్రాడీపేట లెక్చరర్ | మధ్యాహ్నం 2:10

అవును. సముద్రంలో ఉన్నంతకాలం విలస, గోదావరి వరదకి ఎదురీదాక పులస. పుస్తెల సామెత దయచేసి ఎవరూ రాయకండి. దారిలో ధవళేశ్వరం ఆనకట్ట ఉంది, ఆ పైకి దానికి దారి లేదు.

దీనికి పూర్తి తిరగేసినది పండుగప్ప. అది గుడ్లు పెట్టేది సముద్రం వైపు ఉప్పునీళ్ళలో, పిల్లలు ఏటిలోకి పైకి వస్తాయి. దాని అసలు విచిత్రం వేరే ఉంది. మొదట మగ చేపగా పెరిగి, కొన్నేళ్ళకి ఆడదిగా మారిపోతుంది. కాబట్టి చిన్న పండుగప్పలన్నీ దాదాపు మగవే, బాగా పెద్దవి ఆడవి. క్లాసులో ఇది చెప్పిన రోజు ఇంకేం పాఠం సాగేది కాదు.

రాత్రి డ్యూటీ | మధ్యాహ్నం 3:00

తిలాపియా కూడా రాయండి సార్. మనవాళ్ళు జిలేబీ అంటారు. దానికి వరదా అక్కర్లేదు, ఇంజెక్షనూ అక్కర్లేదు. మగది అడుగున మట్టిలో గుంట చేస్తుంది, ఆడది గుడ్లు పెట్టి అన్నీ నోట్లోకి తీసుకుంటుంది. పిల్లలు ఈదేదాకా నోట్లోనే, అన్నాళ్ళూ తల్లికి దాదాపు పస్తే. బయటికి వదిలాక కూడా భయమేస్తే మళ్ళీ నోట్లోకి దూరతాయి. ఇంత భద్రంగా పెంచుతుంది కాబట్టే చెరువు కిటకిటలాడి ఒక్కటీ ఎదగదు. అందుకే అన్నీ మగవే ఉండేలా చేసి అమ్ముతారు.

చెరువు గట్టు | సాయంత్రం 5:20

స్పాన్ కొన్నాక ఏమవుతుందో కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే నేను అక్కడే మునిగాను.

మూడు రోజుల పిల్ల స్పాన్. రెండు మూడు వారాలకి అంగుళం అయితే ఫ్రై. రెండు మూడు నెలలకి వేలెడంత అయితే ఫింగర్లింగ్. మావైపు అక్కడితో ఆగరు, ఏడాది పాటు ఒకే చెరువులో ఇరుకిరుగ్గా, అరకొర మేతతో ఉంచి, 100 గ్రాములు దాటాక పెద్ద చెరువులో వదులుతారు. అప్పటిదాకా ఆగిన ఎదుగుదల అంతా ఒక్కసారి లాగించేస్తుంది. హాస్టల్ నుంచి ఇంటికొచ్చిన పిల్లాడు అన్నం తిన్నట్టు.

నేను మొదటి ఏడాది డబ్బు మిగులుతుందని రెండు లక్షల స్పాన్ తెచ్చి సొంతంగా ఫ్రై చేద్దామనుకున్నాను. మూడో వంతు నీళ్ళు, మిగతా ఆక్సిజన్ నింపిన కవర్లలో ఇచ్చారు. మధ్యాహ్నం పన్నెండుకి గట్టు చేరాను. కవర్ని కాసేపు చెరువు నీళ్ళ మీద తేలనిచ్చి, లోపలి వేడీ బయటి వేడీ ఒకటయ్యాక విప్పాలి. నేను మూతి విప్పి ఒంపేశాను. చాలా వరకు అక్కడే పోయాయి.

రెండో తప్పు ఇంకా పెద్దది. పేడ వేసి నీళ్ళు పెట్టి చాలా రోజులు అలా వదిలేశాను, మేత బాగా పుడుతుందని. మేతతో పాటు నీటి పురుగులు కూడా పుట్టాయి. వెల్లకిలా ఈదుతాయి చూడండి, గోధుమ గింజంత ఉంటాయి, అవి. పిల్లని పట్టుకుని పీల్చేస్తాయి. స్పాన్ వదిలే ముందు సబ్బూ నూనే కలిపిన నీళ్ళు చల్లితే పైన పొర కట్టి వాటికి ఊపిరాడదు. నాకు చెప్పినవాళ్ళు లేరు, నేను అడగనూ లేదు. పదిహేను రోజుల తరవాత వల లాగితే రెండు లక్షలకి ఒక బకెట్ వచ్చింది. బకెట్ కూడా నిండలేదు. మా ఆవిడ ఆ బకెట్ ఇప్పటికీ పారేయనివ్వదు.

గాలం బాబాయ్ | రాత్రి 8:45

నిన్న తప్పు చెప్పాను కాబట్టి ఇవాళ నాకు తెలిసింది ఒకటి చెప్తాను. కొర్రమీను.

మాది తెనాలి వైపు. చిన్నప్పుడు పొలం పక్క మురుగు కాలువలో ఎర్రగా ఒక తట్టంత మరక కదులుతూ కనపడేది. దగ్గరికి పోతే అన్నీ పిల్లలు, ఒక్కోటి బియ్యపు గింజకి కాస్త పెద్దది, కుంకుమ ఎరుపు. బుడగలు బుడగలుగా పైకి వచ్చి గాలి పీల్చి మళ్ళీ మునుగుతాయి. ఆ మరక కిందే తల్లో తండ్రో ఉంటుంది. కొర్రమీను గుడ్లు నూనె బొట్టులా నీటి మీద తేలతాయి, గడ్డి పక్కకి తోసి చోటు చేసుకుని మరీ పెడుతుంది, పిల్లలు అయ్యాక కూడా వారాల తరబడి కాపలా. చేయి పెడితే మీదికి దూకి కరుస్తుంది.

మేం ఏం చేసేవాళ్ళమంటే, ఆ ఎర్ర గుంపు మధ్యలోకి కప్ప పిల్లని గుచ్చిన గాలం వేసేవాళ్ళం. ఆకలికి కాదు, పిల్లల దగ్గరికి ఏదో వచ్చిందన్న కోపానికి వచ్చి పట్టుకునేది. రెండు నిమిషాల పని. గట్టున అది కొట్టుకుంటుంటే, నీళ్ళలో ఎర్ర మరక కాసేపు అక్కడక్కడే తిరిగేది. మర్నాడు పోయి చూస్తే ఉండేది కాదు. జెల్లలు, మట్టగుడిసెలు ఖాళీ చేసేవి.

ఇప్పుడు గాలం వేస్తాను కానీ ఎర్ర మరక కనపడితే వేరే చోటు చూసుకుంటాను.

పచ్చిమిర్చి | రాత్రి 8:52

🙏

పటమట నాన్న | గురువారం, రాత్రి 7:30

మీ అందరి పుణ్యమా అని మా అమ్మాయి క్లాసులో పావుగంట మాట్లాడిందట. నోరు లేని పిల్ల దగ్గర అందరూ ఆగిపోయారట.

ఇప్పుడు ఇంకో సమస్య. ఇంట్లో చిన్న గాజు తొట్టెలో ఒకే ఒక గప్పీ ఉంది, ఆడది. మగది చనిపోయి నెలన్నర. ఇవాళ సాయంత్రం చూస్తే తొట్టెలో కళ్ళున్న దూదిపోగుల్లాంటివి తిరుగుతున్నాయి. మగది లేకుండా ఎలా? గుడ్లు కూడా ఎక్కడా కనపడలేదు.

బ్రాడీపేట లెక్చరర్ | రాత్రి 7:48

గప్పీ గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. గుడ్లు కడుపులోనే పొదుగుతాయి. మురుగు కాలువల్లో దోమల కోసం వదిలే గంబూసియా కూడా ఇదే బాపతు. ఈ రెండిటిలోనూ మగదానికి కింది రెక్క ఒకటి సన్నటి గొట్టంలా మారి ఉంటుంది, దాంతో వీర్యాన్ని లోపలికే పంపుతుంది. ఆడది దాన్ని నెలల తరబడి దాచుకుని, ఇంచుమించు నెలకో కాన్పు చొప్పున వాడుకుంటుంది. కాబట్టి మగది పోయినా ఇంకో రెండు మూడు సార్లు పిల్లలు వస్తే కంగారుపడకండి. ఈ పిల్లలకి పుట్టేసరికే నోరు ఉంటుంది, పుట్టీ పుట్టగానే ఈదుతాయి. మీ అమ్మాయికి చెప్పండి, శీలావతి లక్షల్లో పెట్టి వదిలేస్తుంది, ఇది పాతిక ముప్ఫై కని, కాస్త పెంచి వదులుతుంది.

పటమట నాన్న | రాత్రి 7:55

లెక్కపెట్టాం. పదిహేడు.

పటమట నాన్న | రాత్రి 8:31

మళ్ళీ లెక్కపెట్టాం. పదకొండు. మా అమ్మాయి ఏడుస్తోంది.

రాత్రి డ్యూటీ | రాత్రి 8:33

తల్లే తింటోంది. అర్జెంటుగా విడదీయండి.

పటమట నాన్న | రాత్రి 8:36

టీ వడబోసే జల్లెడతో పిల్లల్ని తియ్యబోతే అందట్లేదు, రాళ్ళ సందుల్లోకి దూరుతున్నాయి.

రాత్రి డ్యూటీ | రాత్రి 8:37

పిల్లల్ని కాదండీ, తల్లిని తియ్యండి. ఒక్కటే కదా. ఆ తొట్టెలో నీళ్ళే గిన్నెలో పోసి అందులో వేయండి, కొత్త పంపు నీళ్ళు వద్దు. పిల్లలకి రేపు పొద్దున ఉడికిన గుడ్డు పచ్చసొన గోటి మీద పట్టేంత నలిపి వేస్తే చాలు. ఎక్కువ వేస్తే నీళ్ళు కుళ్ళుతాయి.

పటమట నాన్న | రాత్రి 8:50

తీశాం. స్టీలు గిన్నెలో ఉంది, పైన చిల్లుల పళ్ళెం బోర్లించాను. పదకొండూ ఉన్నాయి.